పిప్పిలో మిగిలిన రేడియం

నిమ్మరసం బండపరుపు మీద ఒలికిందంటే నురగ లేచి మచ్చ పడిపోతుంది. మా రేగోడులో షాబాదు బండలు పరిచిన ఇళ్ల ఇల్లాళ్లకి ఇది ఒకరు చెప్పక్కర్లేదు. ఆ బండ సున్నపురాయి జాతి, పులుపుకి ఓర్వదు.

కడప జిల్లాలో పులివెందుల దగ్గర తుమ్మలపల్లె యురేనియం కూడా అటువంటి రాతిలోనే చిక్కుకుని ఉంది. జార్ఖండ్‌లో జాదుగూడ గనికి చేసినట్టు యాసిడ్ పోస్తే అంతా రాయే తాగేస్తుంది. అందుకని ముంబయి భాభా అణు పరిశోధన కేంద్రం వాళ్లు వేరే దారి వెతికారు. ఏమిటనుకున్నారు? చాకలి సోడా, వంట సోడా! రాతిని పిండి చేసి సోడానీళ్లలో కలిపి, పేద్ద ప్రెషర్ కుక్కర్లలాంటి పాత్రల్లో ఆక్సిజన్ పంపుతూ ఉడికిస్తారు. 2012లో యురేనియం కార్పొరేషన్ అక్కడ మిల్లు నడపడం మొదలుపెట్టింది.

టన్ను రాతికి యురేనియం అరకిలో కూడా రాదు. తక్కినదంతా బురదై గొట్టాల్లో కె.కె. కొట్టాల ఊరి దగ్గరి గుంటకి పోతుంది. సారం తీసేశాక పిప్పికేం శక్తి ఉంటుంది అనిపిస్తుంది కదూ?

ఆ పిప్పి సంగతి లోకానికి తెలియజెప్పింది మేరీ క్యూరీ. బొహీమియాలో యోఆకిమ్‌స్థాల్ గని దగ్గర గాజుకి రంగు కోసం యురేనియం తీసుకుని, మిగిలిన మట్టిని పైన్ చెట్ల కింద పారబోసేవారు. ఆ మట్టే బస్తాల్లో పారిస్ చేరింది, పైన్ ఆకులతో సహా. ఇంట్లో చంటిపిల్ల, ఇక్కడ వాన కారే షెడ్డు. తనంత ఎత్తు ఇనపకడ్డీతో కాగుల్లో కలియబెడుతూ, 1902 నాటికి గ్రాములో పదోవంతు రేడియం లవణం తీసింది. ఆవిడ నోటుపుస్తకాలు ఈనాటికీ సీసం పెట్టెల్లోనే ఉన్నాయి.

ఆ రేడియమే కొట్టాల గుంటలోనూ ఉంది. ముడిరాతి రేడియో ధార్మికతలో నూటికి 85 పాళ్లు పిప్పిలోనే ఉండిపోతుంది. రేడియం సగానికి తగ్గడానికే 1600 ఏళ్లు. అంటే విష్ణుకుండినుల నాడు పారబోసి ఉన్నా, ఇవాళ్టికి కనీసం సగమైనా మిగిలి ఉండేదన్నమాట.

గుంట అడుగున పొర సరిగ్గా వేయలేదనీ, బోరునీళ్లు పాడై అరటితోటలు ఎండుతున్నాయనీ అక్కడి రైతుల మొర. తమ వల్ల కాదని కంపెనీ జవాబు. పేచీ తెగేదాకా ఆ నీళ్లు తోడుకోవాల్సింది మాత్రం ఊళ్లోవాళ్లే.

గని వట్టిపోయాక గుంటమీద మట్టి కప్పి కాపలా చూడాలన్నది పద్ధతి. ఆ కాపలా ఖర్చు ఏ తరం దాకా లెక్క రాసి పెట్టారో ఆ పద్దు ఒక్కసారి చూడాలని నాకు మహా కోరిక.