గల్లాపెట్టె ముందటి స్పానిషు: చిలీ దేశపు అరబ్బు వర్తకులును భాషాసంపర్కమును

స్పానిషు భాషమీద అరబ్బీ ప్రభావమును గూర్చి వ్రాసిన పండితులలో పెక్కుమంది, 711లో అరబ్బు సేనలు ఐబీరియా ద్వీపకల్పమున అడుగిడిన నాటినుండి 1492లో గ్రనాదా పతనమగు వఱకు గడచిన దాదాపు ఎనిమిది శతాబ్దుల కథనే మరల మరల చెప్పి, ఆ పిమ్మట ఈ రెండు భాషలును ఎన్నడును ఎదురుపడనే లేదన్నట్లు మౌనము వహించుట నాకు చిరకాలముగా అసంతృప్తి కలిగించుచున్న విషయము. 1869లో వెలువడిన డోజీ, ఎంగెల్మన్‌ల పదకోశము మొదలుకొని 1999 నాటి ఫెదెరీకో కొర్రియెంతె నిఘంటువు వఱకు ఈ మార్గమున జరిగిన కృషి అసామాన్యము. దానిని తక్కువ చేయుట నా యుద్దేశము కాదు. కాని 19వ శతాబ్ది చివరి దశకములనుండి సిరియా, లెబనాను, పాలస్తీనా ప్రాంతముల జనులు వేలకొలది ఓడలెక్కి, స్పానిషు మాట్లాడు అమెరికా దేశములకు పోయి, ఊరూర అంగళ్లు పెట్టి, బడి మొగము చూడకయే ఆ భాషను నేర్చిరన్న సంగతికి ఈ పండితపరంపరలో దక్కవలసిన స్థానము దక్కలేదు.

1942వ సంవత్సరమును ఇందుకు నిదర్శనముగా చూపవచ్చును. ఆ యేట రఫయేల్ లపేసా రచించిన స్పానిషు భాషాచరిత్ర ప్రథమముద్రణ వెలువడినది. ఆ యేటనే సాంటియాగో నగరమున బెనెదిక్తో చువాకీ అను వర్తకుడు, సిరియాలోని హోమ్స్ పట్టణమున బుట్టి 1908లో బాల్యావస్థలోనే చిలీ చేరి, వ్యాపారముతో పాటు భాషను గూడ పట్టుబఱచుకొనినవాడు, ఒక వలసదారుని జ్ఞాపకములు అను నర్థము వచ్చు పేరుతో తన ఆత్మకథను స్పానిషులోనే ప్రకటించెను. మఱల ఆ యేటనే మెక్సికోలో హొవాకీన్ పర్దవే ‘ఎల్ బైసానో హలీల్’ అను చలనచిత్రమునకు దర్శకత్వము వహించి, తానే ముఖ్యపాత్రను ధరించెను. మన దేశమువాడు అను నర్థము గల ‘పైసానో’ శబ్దము అరబ్బు వర్తకుని నోట ‘బైసానో’ యైన తీరే ఆ చిత్రమునకు పేరైనది. శాస్త్రజ్ఞుడు మధ్యయుగమును త్రవ్వుచుండగా, సామాన్యజనులు తమ కాలపు అరబ్బీ యాసను టిక్కెట్టు కొని విని నవ్వుకొనుచుండిరన్నమాట.

అయితే నా వివాదము నిఘంటుకారులతో కాదు, జాన్ షూమన్‌తో. వయోజనులైన వలసదారులు గురువు లేకుండ భాష నేర్చు తీరును వివరింపబూనినవారిలో ఆయన ప్రసిద్ధుడు. 1978లో ఆయన ప్రకటించిన గ్రంథమునకు ఆధారము ఆల్బర్టో అని ఆయన పేర్కొన్న ఒక్క మనుష్యుని ఆంగ్లము. అతడు కోస్టారికానుండి అమెరికా సంయుక్తరాష్ట్రములకు వచ్చిన 33 ఏండ్ల కార్మికుడు. 10 నెలలు పరిశీలించినను అతని భాషలో చెప్పదగిన అభివృద్ధి కనబడనందున, అందుకు వయస్సు గాని బుద్ధిమాంద్యము గాని హేతువు కాదనియు, అతని సమూహమునకును ఆతిథేయసమాజమునకును నడుమనున్న సామాజికదూరమును, అతని మనస్సులోని దూరమునే హేతువుగా గ్రహింపవలెననియు షూమన్ నిర్ణయించెను. వలసవచ్చినవారు ఒక్కచోట గుమిగూడి యున్నను, తమ ఆచారములను విడువకున్నను, స్థానికులు వారిని చిన్నచూపు చూచినను, కొలదికాలముండి మరలిపోవ దలచినను ఆ దూరము పెరుగుననియు, దూరము పెరిగినకొలది నేర్చిన భాష అపక్వదశయందే గడ్డకట్టుననియు ఆయన సిద్ధాంతసారము.

ఈ కొలబద్దను చిలీలోని అరబ్బులకు పెట్టి చూతము. వారిలో అధికసంఖ్యాకులు బెత్లెహేము, బైత్ జాలా మొదలగు పాలస్తీనా ఊళ్లవారు, హోమ్స్ ప్రాంతపు సిరియావారు; ఎక్కువమంది తూర్పు క్రైస్తవసంప్రదాయమువారు. బ్యూనస్ అయిర్స్ రేవున దిగి, ఆండీస్ పర్వతపంక్తిని దాటి వచ్చినవారు పలువురు. 1910లో ఆ కొండలమీదుగా రైలుమార్గము తెఱువబడువఱకు కంచరగాడిదలే వారికి దిక్కు. సాంటియాగోలో మపోచో నదికి ఉత్తరమున పత్రోనాతో అను పేట వారి అంగళ్లతో నిండిపోయెను. 1912లో ‘అల్ ముర్షిద్’ అను అరబ్బీ పత్రికయు, 1920లో పలెస్తీనో అను క్రీడాసంఘమును పుట్టినవి. వివాహములు చాలకాలము తమలో తమకే జరిగినవి. ఉస్మానీయ సామ్రాజ్యపు పత్రములతో వచ్చినందున జనులు వారిని ‘తుర్కో’ అని హేళన చేసిరి; ఏ తుర్కుల యేలుబడికి వెఱచి పలువురు దేశము విడిచిరో ఆ తుర్కుల పేరే వారికి అంటుకొనుట విధివైపరీత్యము. నాలుగు డబ్బులు కూడబెట్టుకొని యింటికి మరలవలెనన్నదే తొలితరమువారి సంకల్పము. షూమన్ పట్టికలోని ప్రతికూలలక్షణములు ఒకటి వెనుక నొకటి ఇందు కుదిరినవి. ఆయన లెక్కప్రకారము వీరు ఆల్బర్టోకంటెను అధ్వాన్నముగా మిగులవలసినది. అట్లు జరుగలేదు. నెత్తిన మూటతో వచ్చినవారు స్పానిషులో బేరమాడిరి, అప్పులిచ్చిరి, అప్పులు రాబట్టుకొనిరి, కడకు పుస్తకములు వ్రాసిరి. 1937 నాటికి బెత్లెహేమునుండి వచ్చిన యారూర్ కుటుంబము సాంటియాగోలో గొప్ప నూలుమిల్లునే నెలకొల్పెను. వ్యక్తి మనఃస్థితినిబట్టి దూరము మాఱవచ్చునని షూమన్ కూడ ఒప్పుకొనెనని న్యాయముకొఱకు చెప్పవలసియున్నది.

ఆయన గుర్తింపనిది వృత్తిభేదము. కార్మికునకు మేస్త్రీ చెప్పినది తెలిసిన చాలును. నోరు మెదపకయే దినము గడపవచ్చును. వర్తకునకు అట్లు చెల్లదు. అతడే ముందు పలుకవలెను, అతడే ఒప్పింపవలెను, కొననని లేచిపోవుచున్న గిరాకీని అతడే వెనుకకు పిలువవలెను. సమాజము అతనిని ఎంత దూరముంచినను, గల్లాపెట్టె ముందు ఆ దూరము బారెడు బల్ల వెడల్పుకంటె ఎక్కువ కాదు.

ఇక ధ్వనులసంగతి. అరబ్బీలో పకారము లేదు. పరభాషాపదములందలి పకారము అరబ్బునకు సహజముగా బకారమగును. చిల్లరసామాను పెట్టెతో బయలుదేరిన వర్తకునకు ‘హబోన్’, అనగా సబ్బు, కష్టపెట్టలేదు. ఆ పదము మొదట నున్న కంఠ్యధ్వని అతని సొంత భాషలోనిదే. కష్టమంతయు దువ్వెనతో వచ్చినది. దువ్వెన ‘పెయినె’. చేతిరుమాలు ‘పాన్యుయేలో’. ఉన్నిగుడ్డ ‘పాన్యో’, మంచి అద్దకపుగుడ్డ ‘పెర్కాల్’, జత ‘పార్’, తాను ‘పియేసా’, ధర ‘ప్రేసియో’, వాయిదా ‘ప్లాసో’, చెల్లించుట ‘పాగార్’, నాణెము ‘పేసో’. బట్టలకొట్టు పదజాలమును ఎవడో పనిగట్టుకొని అరబ్బును వేధించుటకే కల్పించెనా యనిపించునట్లు, అది అంతయు పకారమయము. బహువచనమైన ‘పేసోస్’ను బకారముతో పలికినచో ముద్దులు అను నర్థము వచ్చును; ముద్దుగుమ్మ గిరాకీతో ఇన్ని ముద్దులిమ్మని అడిగిన వర్తకుడు రెండవమాఱు ఆ తప్పు చేయుటకు జంకును. దీనికి తోడు, అరబ్బీ హ్రస్వస్వరములలో ఎకార ఇకారముల భేదము స్పష్టము కాదు గనుక ‘పేసో’ జాఱి ‘పీసో’ యగు ప్రమాదమును గలదు. దాని యర్థము నేల. బడిలో పంతులు దిద్దినచో విద్యార్థికి నష్టము లేదు. అంగడిలో గిరాకీ నవ్వినచో బేరము పోవచ్చును. ధ్వనిని దిద్దుటకు ఇంతకు మించిన బెత్తమేది?

ధ్వనులకంటెను కాలములు కష్టము. కాలములకు గురువు అప్పు. చిలీ జనులు ‘ఫాల్తె’ అని పిలిచెడి తిరుగుబేరగాడు గాని, మెక్సికోలో వాయిదాలమీద సరకిచ్చుచు ‘అబొనేరో’ యని పేరుపొందినవాడు గాని నగదుబేరముతో బ్రతుకలేదు. నేడు గుడ్డ యిచ్చి, వచ్చు వారము కొంత, ఆపై వారము కొంత పుచ్చుకొనవలెను. ‘పాగో’ యని తొలి అక్షరము నూదిన నేను చెల్లించుచున్నాను అనియు, చివరి అక్షరము నూదిన అతడు చెల్లించెను అనియు స్పానిషులో అర్థము. ‘పాగరా’ యన్నచో చెల్లింపగలడు. అరబ్బీలో ఊనిక పదనిర్మాణమునుబట్టి తనంత తానే పడును గాని, సాధారణముగా అర్థమును మార్చదు. ఇట్టివానికి, ఒక్క ఊనికలో ఖాతా తీరినదో తీరలేదో తేలు భాష ఎదురైనది. కూలివాడు నిన్న, రేపు అను మాటలు చేర్చి కాలక్షేపము చేయవచ్చునని భాషాశాస్త్రజ్ఞులైన క్లైన్, పెర్ద్యూలు 1997లో నిరూపింపజూచిరి. వారు ఆధారపడిన యూరపుఖండపు పరిశోధనలో అరబ్బీవారు డచ్చి, ఫ్రెంచి నేర్చుటను పరిశీలించిరి గాని, స్పానిషు నేర్చుటను గాదు.

ఇప్పుడు నా ప్రధానసాక్ష్యమునకు వత్తును. చిలీ అరబ్బుల జ్ఞాపకములలో నేటికిని నిలిచియున్న వీధికేక ఒకటి గలదు: ‘కోసా తియెందా!’ మూటవర్తకుడు గడపగడపకు పోయి ఇట్లు అఱచెడివాడు. ‘కోసా’ యనగా వస్తువు, ‘తియెందా’ యనగా అంగడి. అంగడి సరకులు తెచ్చితినని భావము. శుద్ధస్పానిషులో వస్తువు బహువచనమున నుండవలెను, రెంటికి నడుమ సంబంధమును దెలుపు ‘దె’ యను విభక్తి ప్రత్యయము వంటి మాట రావలెను. కేకలో ఆ రెండును లేవు. తెలియనివాడు దీనిని వ్యాకరణభంగమని త్రోసివేయును. కాని అరబ్బీ వ్యాకరణమును ఎఱిగినవానికి ఇందు ఒక నియమము కనబడును. అరబ్బీలో ‘ఇదాఫా’ యను సమాసవిశేషము గలదు: సొత్తు ముందు, సొంతదారు వెనుక, నడుమ ఏ ప్రత్యయమును లేక రెండు నామములు ప్రక్కప్రక్కన నిలుచును, ముందరి నామము నిర్దేశకోపపదమును గూడ విడుచును. ‘కోసా తియెందా’ అక్షరాల అట్టిదే. పదములు స్పానిషువి, పదములను గూర్చిన సూత్రము అరబ్బీది. మన భాషలో ‘అంగడి సరకు’ అనునప్పుడు షష్ఠి లోపించుట మనకు తోచదు, ఎందుకనగా క్రమము మనదే. స్పానిషు గృహిణికి క్రమము తనదే, లోపము మాత్రము పరాయిది. అందుచేత ఆమెకు అర్థమునైనది, వింతయునైనది. అర్థమగుచునే వింతగా నుండుటకంటె వీధికేకకు కావలసిన గుణమేమి? తలుపు తెఱపించు శక్తి ఆ లోపములోనే యున్నది. తప్పును సరుకు చేసి అమ్మిన నేర్పరితనమిది. దానిని అపక్వత యనుట న్యాయము కాదు. ప్రథమదశలో విభక్తులను విడుచుట అన్ని దేశముల అభ్యాసకులకును సామాన్యమేయని ప్రతిపక్షులు అనవచ్చును.

పాతకాలపు అరబ్బీపదములు ఈ వర్తకులకు తోడ్పడినవని కొందఱు మురిసిపోవుదురు. ఓడ దిగినంతనే వారిని ఆపిన సుంకపుఠాణాకు ‘అదువానా’ యని పేరు; అది అరబ్బీ ‘దీవాన్’, మన దివాణమును అదే. గిడ్డంగికి ‘అల్మసేన్’, మన ఖజానా పుట్టిన ధాతువే దానికిని మూలము. ప్రత్తి ‘అల్గొదోన్’, తలదిండు ‘అల్మొఆదా’, గుండుసూది ‘అల్ఫిలేర్’: ఇవన్నియు అరబ్బీ సంతానమే. కాని వేయి యేండ్లలో మొగము మాఱిపోయిన బంధువులను ఎవరు గుర్తుపట్టుదురు? ఈ పదములకంటె గిరాకీ నవ్వు ఎక్కువ మేలు చేసినది.

ఎదురుప్రవాహమును ఉన్నది. దంచిన మాంసమును గోధుమరవ్వతో గలిపి చేయు కిబ్బె, మెక్సికోలోని మెరీదా నగరవీధులలో ‘కిబీ’ యైనది, డొమినికన్ దేశమున ‘కీపె’ యైనది. మెక్సికోలోనిదే యైన ప్వేబ్లాలో ‘తాకోస్ ఆరబెస్’, అనగా అరబ్బు తాకోలు, స్థానికాహారమై కూర్చున్నవి. ఇంటిలో అరబ్బీ నిలుచుట మాత్రము కష్టమైనది. 1981లో గార్సియా మార్కెస్ ప్రకటించిన మరణవార్తానవలలో కొలంబియా తీరపు అరబ్బు కుటుంబముల మూడవతరమువారు తల్లిదండ్రులు అరబ్బీలో పలుకరింపగా స్పానిషులో బదులిచ్చుట చెప్పబడినది. నవల సాక్ష్యము గాదందురేమో గాని, కళ్లున్న రచయిత చూచినది పట్టికలకంటె తక్కువది కాదు. పిల్లలకు స్పానిషు నేర్పినది బడి యనుట నిజమే; తొలితరమునకు నేర్పినది మాత్రము అంగడియే.

ఇంతవఱకు చెప్పినదానినిబట్టి, భాషాసంపర్కమునకు మూలస్థానము రాజసభయు గాదు, పాఠశాలయు గాదు, అంగడియే యని చెప్పుటకు నేను సంకోచింపను. అండలూసియాలోని అరబ్బీపదములు సైతము ఖలీఫాల ఆస్థానమునుండి గాక సంతలనుండియే స్పానిషులోనికి దిగియుండునని నా విశ్వాసము. కొలతలకును సుంకములకును సరకులకును సంబంధించిన పదములు అంతటి విస్తారముగా నుండుటకు వేఱు కారణము నాకు తోచదు. తెలుగులోని దుకాణము, బాకీ, వసూలు, రకము అను మాటలను గోల్కొండ, నిజాముల దఫ్తరములు మాత్రమే తెచ్చిపెట్టినవన్న వాడుకవాదమును గూడ ఈ దృష్టితో మరల పరిశీలింపవలసియున్నది. సామాజికదూరసిద్ధాంతము కర్మాగారమునకు చెల్లునేమో, బజారునకు చెల్లదు.

హైదరాబాదులో దీనిని పరీక్షించు అవకాశము మన గుమ్మమునందే యున్నది. నిజాము కొలువునకు యెమెనులోని హద్రమౌతునుండి వచ్చిన అరబ్బు సైనికుల సంతతివారు బార్కసులో నేటికిని నివసించుచున్నారు; వారి యింటిభాష చాలవఱకు ఉర్దూ యైపోయినను, వారి ‘మందీ’ వంటకము ‘మండి’ యను పేరుతో తెలుగు పట్టణములలోని హోటలు బల్లలమీద కెక్కినది. ఆ నగరమునందే ఇంగ్లీషు మఱియు విదేశీభాషల విశ్వవిద్యాలయములో అరబ్బీశాఖయు స్పానిషుశాఖయు ఉన్నవి. ఆ రెండు శాఖలవారును తెలుగుశాఖల పరిశోధకులతో గలిసి, బార్కసు అంగళ్లలో బేరములాడు మాటలను, వృద్ధులు గతించకముందే, ధ్వనిముద్రణము చేసి భద్రపఱుపవలెనని ప్రార్థించుచున్నాను.