పుదుచ్చేరిలో నింద, నిరూపణ, పూచీ

ఒకరి మీద నేరం మోపినవారు ఆ మాటకు చట్టం ముందు జవాబు చెప్పాలన్న సూత్రం పుదుచ్చేరిలో చాలా ఖరీదుకు స్థిరపడింది. ఆ మూల్యం చెల్లించినవాడు నైనియప్ప పిళ్లై. 1708 నుంచి అతడు ఫ్రెంచి కంపెనీకి ప్రధాన దుబాసి. సరుకు కొనుగోలు నుంచి నేతగాళ్లతో ఒప్పందాల దాకా అన్నీ అతని చేతుల మీదుగా జరిగేవి. అంతటి పదవి హిందువు చేతిలో ఉండటం జెస్యూటు పాద్రీలకు నచ్చలేదు. 1715లో హిందువుల ఉత్సవాలపై ఆంక్షలు వచ్చినప్పుడు పనివాళ్లు, వర్తకులు ఊరు విడిచి పోవడానికి సిద్ధపడ్డారు. దీని వెనుక నైనియప్ప ఉన్నాడన్న ఆరోపణ అప్పుడే పుట్టింది.

1716 ఫిబ్రవరిలో గవర్నరు హెబేర్ అతణ్ణి ఖైదు చేయించాడు. రాజద్రోహం, ప్రజాపీడనం అన్నవి ప్రధాన అభియోగాలు. సాక్షులు తమిళంలో చెప్పింది పోర్చుగీసు మీదుగా ఫ్రెంచిలోకి మారింది. ఆ పని చేసినది జెస్యూట్లకు దగ్గరివాడైన అనువాదకుడు. తాము ఏ రాతకు సంతకం పెట్టామో తమకే తెలియదని సాక్షులు కొందరు తర్వాత చెప్పారు. జూన్‌లో తీర్పు వచ్చింది: నడిబజారులో యాభై కొరడా దెబ్బలు, మూడేళ్ల ఖైదు, ఆస్తి జప్తు, ఆపైన దేశబహిష్కారం. 1717లో నైనియప్ప చెరలోనే చనిపోయాడు.

కుటుంబం ఊరుకోలేదు. అర్జీలు సముద్రం దాటాయి. జెస్యూట్లతో పడని మిషనరీలు, కొందరు వర్తకులు అండగా నిలిచారు. 1718లో హెబేర్ పదవి పోయింది. పునర్విచారణలో శిక్ష రద్దయింది. మృతుని వారసులకు హెబేరే పరిహారం చెల్లించాలని ఉత్తర్వయింది. కొడుకు గురువప్ప ఫ్రాన్సు వెళ్లి, క్రైస్తవం స్వీకరించి, సెయింట్ మిషెల్ బిరుదుతో తిరిగి వచ్చి 1722లో తండ్రి పదవిలో కూర్చున్నాడు.

నోటి మాట స్థానంలో అచ్చు వచ్చాక ఈ పూచీకి లిఖిత రూపం వచ్చింది. 1881 జూలై 29 నాటి ఫ్రెంచి పత్రికా చట్టం వలసలకూ వర్తించింది. యానాంలోని తెలుగువారూ దాని కిందికే వచ్చారు. ఫలానా పని చేశాడని చెప్పి పరువు తీస్తే అది పరువునష్టం. ఏ పనినీ అంటగట్టకుండా తిడితే అది వట్టి దూషణ. ఈ రెంటినీ ఆ చట్టం విడదీసింది. బాధ్యతకు వరస కూడా పెట్టింది: ముందు పత్రిక నిర్వాహకుడు, అతడు దొరకకపోతే రచయిత, తర్వాత ముద్రాపకుడు, చివరికి అమ్మేవాడు. ప్రభుత్వోద్యోగి విధి నిర్వహణపై చేసిన ఆరోపణను నిజమని నిరూపిస్తే శిక్ష తప్పేది. దావా వేయడానికి గడువు మూడు నెలలే.

పూచీ ఎవరిదన్న ప్రశ్న సరిహద్దుకు అవతల మరోలా తేలింది. 'ఇండియా' వారపత్రిక రాతలు సుబ్రహ్మణ్య భారతివి. కాగితాల మీద సంపాదకుడు శ్రీనివాసన్. 1908లో మద్రాసు కోర్టు రాజద్రోహానికి శిక్షించింది శ్రీనివాసన్‌నే. భారతి పుదుచ్చేరి చేరి పత్రికను అక్కడి నుంచి నడిపాడు. బ్రిటిషు ప్రాంతంలోకి దాన్ని రానివ్వకపోవడంతో 1910లో ఆగిపోయింది. ఆ తర్వాత నింద దొంగ సాక్ష్యం రూపంలో వచ్చింది. పుదుచ్చేరిలో తలదాచుకున్న విప్లవకారుడు వి.వి.ఎస్. అయ్యర్ ఇంటి బావిలో రాజద్రోహ పత్రాలున్న జాడీ దొరికింది. శత్రువులు వేసిన ఆ జాడీని భారతి సలహాపై అయ్యర్ వాళ్లే ఫ్రెంచి పోలీసులకు అప్పగించారు. ఆ వ్యవహారంలో వచ్చిన ఫిర్యాదుపై 1912లో అరవిందుని ఇల్లు సోదా చేసిన మేజిస్ట్రేటుకు గ్రీకు, లాటిన్ పుస్తకాలే కనిపించాయి. ఫిర్యాదు చేసినవాడు బ్రిటిషు ప్రాంతానికి పారిపోయాడు.

1962 విలీనం తర్వాత, 1963 నాటి రెగ్యులేషన్‌తో భారత శిక్షాస్మృతి పుదుచ్చేరికి వచ్చింది. పరువునష్టానికి 499వ సెక్షను, శాంతిభంగానికి ఉసిగొల్పే దూషణకు 504వ సెక్షను. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో వాటి స్థానాలు 356, 352. నింద వేసినవాడూ దాన్ని ప్రచురించినవాడూ ఇద్దరూ బాధ్యులే. అన్నది నిజమైతే చాలదు, ప్రజాహితం కోసం అన్నదై ఉండాలి. ఆ రెండూ నిరూపించవలసిన భారం నింద పడ్డవాడిది కాదు, వేసినవాడిదే.