టీపాత్ర ఎంపిక: ఆకు, పొడి, అంటు

వ్యాససంగ్రహం: టీపాత్రను ఆకు స్వభావమే నిర్ణయిస్తుందన్నది సాధారణాభిప్రాయం. తెలుగు గ్రామాలలో దానికి తోడు అంటు, ఎంగిలి అనే భావనలు కూడా పాత్రలను శాసించాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: టీపాట్, పొడి, కెటిల్, కొమ్ముచెంబు, రెండు గ్లాసుల పద్ధతి.

శాలంకాయనుల రాజధాని వేంగీపురాన్ని చరిత్రకారులు నేటి పెదవేగిగా గుర్తించారు. అక్కడి తవ్వకాలలో దొరికిన కుండపెంకును చూసి కాలనిర్ణయం చేయబూనే మనం, అదే సీమలోని టీకొట్టు పాత్రలను చూసి ఏమీ ప్రశ్నించం. పెదవేగి నుండి ఏలూరు, తాడేపల్లిగూడెం వరకు ఏ టీకొట్టులో చూసినా గిన్నె, బాయిలరు, గుడ్డసంచి, కెటిల్, గ్లాసులు కనిపిస్తాయి. టీపాట్ ఎందుకు కనిపించదు?

టీపాట్ విడి ఆకు కోసం పుట్టిన పాత్ర. చైనాలో సోంగ్ వంశీయుల కాలంలో టీని మెత్తగా పొడిచేసి, గిన్నెలో వేడినీటితో గిలకొట్టి తాగేవారు. 1391లో మింగ్ వంశ స్థాపకుడు హోంగ్వూ అచ్చుటీ కప్పాన్ని రద్దుచేసి విడి ఆకును ఆదరించాడు. ఆకును నానబెట్టే పద్ధతి వ్యాపించిన తరువాతనే యీషింగ్ మట్టి టీపాట్‌లు ప్రసిద్ధికెక్కాయి. మెరుగుపూత లేని ఆ మట్టి వాసనను పీల్చుకుంటుంది కనుక ఒక పాత్రలో ఒకే రకం టీ కాచడం ఆచారమైంది. పింగాణీకి ఆ చిక్కు లేదు. ఆకు విచ్చుకోవడానికి తగిన చోటు, మూడు నుండి ఐదు నిమిషాలు వేడిని నిలిపే గోడ, ఆకును ఆపే రంధ్రాలున్న కొమ్ము ఉన్నదే మంచి టీపాట్. 1946లో జార్జ్ ఆర్వెల్ వెండి, ఎనామెల్ పాట్‌లను తోసిపుచ్చి పింగాణీ లేదా మట్టి పాట్‌నే కోరాడు. బీహారులోని మోతీహారిలో పుట్టిన ఆయన భారతదేశపు టీని మెచ్చుకున్నాడు గాని, భారతీయులు దానిని కాచే తీరును ప్రస్తావించలేదు.

ఈ పాట్‌ను మనకు అలవాటు చేయాలన్న ప్రయత్నం జరగకపోలేదు. 1903 చట్టంతో మొదలైన టీ సెస్ వ్యవస్థ రైల్వే స్టేషన్లలో ఎనామెల్ పలకలతోను, గోడపత్రాలతోను ప్రచారం సాగించింది. పాట్‌ను ముందు వేడిచేయాలి, అప్పుడే మరిగిన నీరు పోయాలి, కాసేపు మూతపెట్టి ఉంచాలి అన్నవి దాని పాఠాలు. అమ్మకందారులు పాలు, చక్కెర మితిమీరి వాడుతున్నారని ఆ ప్రచారకులు విసుక్కున్నారు కూడా. ప్రచారం టీని అమ్మగలిగింది, పాట్‌ను అమ్మలేకపోయింది.

కారణం ధరలోనూ ఉంది, పొడిలోనూ ఉంది. 1930ల ఆరంభంలో అస్సాంలో రూపొందిన సీటీసీ యంత్రం ఆకును నలిపి, చీల్చి, ఉండలు చుట్టింది. ఆ పొడి త్వరగా సారం దిగుతుంది. పాట్‌లో వదిలేస్తే చేదెక్కుతుంది, కొమ్ము పూడిపోతుంది. దానికి తగినవి మరిగే గిన్నె, గుడ్డసంచి. కెటిల్ మిగిలింది గాని, టీకొట్టులో అది కాచే పాత్ర కాదు, మోసే పాత్ర.

కొమ్ము మనకు కొత్త కాదు. కొమ్ముచెంబుతో ఎత్తి పోసుకుంటే పెదవి తగలదు, ఎంగిలి కాదు. టీకొట్టులోనూ పై నుండి పోయడం ఆ పాత భావనకు ఇబ్బంది కలిగించలేదు. కాగే గిన్నె అందరికీ ఒక్కటే కావచ్చు; వివక్ష గ్లాసు దగ్గర మొదలైంది. రెండు గ్లాసుల పద్ధతిలో దళితుల గ్లాసు వేరుగా ఉండేది, తాగినవారే కడిగి పెట్టాలి. 1955 నాటి అంటరానితనం (నేరాల) చట్టం హోటళ్లలోని పాత్రల వాడకాన్ని నిరాకరించడం నేరమని ప్రత్యేకించి చెప్పింది. చట్టం పాత్రల పేరెత్తవలసి వచ్చిందంటే వాటి బలాన్ని ఊహించవచ్చు. దశాబ్దాల తరువాత కూడా తెలుగు గ్రామాలలో ఈ పద్ధతి నమోదవుతూ వచ్చింది.

కాగితపు కప్పు ఆ రెండో గ్లాసును కనిపించకుండా చేసింది. దానిని సమానత్వమనడానికి నేను వెనుకాడతాను. పారేసే కప్పులో ఎంగిలి ప్రశ్నే రాదు, కనుక అది పరిష్కారమూ కాలేదు. వేంగిసీమలో టీకొట్టు నడిపిన పాతతరంవారిని, కొట్టు బయట నిలబడి తాగినవారిని వేర్వేరుగా కలిసి, ఏ గ్లాసు ఎక్కడ ఉండేదో, ఎవరు కడిగేవారో నమోదు చేయవలసి ఉంది.