గోచీ గుడ్డ నుంచి డైపర్ దాకా

అమీర్‌పేట మెట్రో స్టేషన్ మెట్లు దిగి పంజాగుట్ట వైపు నడుస్తుంటే మందుల దుకాణాల ముందు డైపర్ ప్యాకెట్లు దండలుగా వేలాడుతూ కనిపిస్తాయి. యాభై ఏళ్ళ క్రితం పసిబిడ్డ ఉన్న ఇంటికి గుర్తు వేరు. దండెం మీద వరుసగా ఆరుతున్న గోచీ గుడ్డలే ఆ గుర్తు. ఈ రెండింటి నడుమ ఉన్న చరిత్రను ఈనాటి తల్లిదండ్రులు తెలుసుకోవాలి. "బాబుకు మూడేళ్ళు నిండుతున్నాయి. డైపర్ మానితేనే చేర్చుకుంటామని ప్లేస్కూలు వారు అంటున్నారు. మా పెంపకంలో లోపమా, డాక్టరుగారూ?" అని తల్లులు నన్ను అడుగుతూ ఉంటారు. లోపం కాదమ్మా అన్నదే నా సమాధానం. అందుకు కారణాలు చరిత్రలోనే ఉన్నాయి.

అమ్మమ్మ పాదాలే పీట

మన ఇళ్ళలో నెలల బిడ్డ నిద్ర లేవగానే, పాలు తాగిన కాసేపటికి, అమ్మమ్మో నాయనమ్మో కాళ్ళు చాచి కూర్చుని, తన పాదాల మీద బిడ్డను కూర్చోబెట్టి "స్స్..." అని శబ్దం చేసేవారు. మొలతాడు అలంకారానికే కాదు, గోచీ నిలవడానికీ ఆధారం. మెత్తబడిన పాత నూలు చీరలే గోచీలయ్యేవి. గుడ్డ తడిస్తే బిడ్డకూ తెలిసేది, ఎత్తుకున్నవారికీ తెలిసేది.

ఇది మన ఒక్కరి పద్ధతి కాదు. తూర్పు ఆఫ్రికాలోని డిగో ప్రజలు పుట్టిన కొద్ది వారాలకే ఇలాంటి శిక్షణ మొదలుపెట్టి, అయిదారు నెలలకే ఫలితం పొందుతారని 1977లో ఒక వైద్యపత్రికలో పరిశోధకులు వెల్లడించారు. అయితే ఇక్కడ ఒక సంగతి గమనించండి. ఆ వయసు బిడ్డకు స్వయంగా బిగబట్టుకునే శక్తి ఉండదు. బిడ్డ ముఖకవళికలను పెద్దలే చదివేవారు. అంటే బిడ్డ కంటే ముందు అమ్మమ్మకే శిక్షణ అందేది! దాని వెనుక రోజంతా ఇంటిపట్టున ఉండే స్త్రీ శ్రమ, కడిగితే పోయే గచ్చు, గుడ్డలు ఆరేసే పెరడు ఉన్నాయి.

అమెరికా చూసిన రెండు అంచులు

1914లో అమెరికా ప్రభుత్వం ప్రచురించిన శిశుపోషణ పుస్తకం మూడో నెలకే, వీలైతే అంతకు ముందే మలవిసర్జన అలవాటు చేయించమంది. 1962లో శిశువైద్యుడు బ్రేజల్టన్ 1,170 మంది పిల్లల వివరాలు పరిశీలించి, బిడ్డ సిద్ధమయ్యేదాకా ఆగి, బలవంతం లేకుండా నేర్పడమే మేలని ప్రతిపాదించాడు. ఆ పిల్లలు పగటిపూట అలవాటు పూర్తిగా నేర్చుకున్న సగటు వయసు 28.5 నెలలు.

అదే కాలంలో డైపరూ మారింది. మేరియన్ డోనవన్ అనే గృహిణి గుడ్డపై తొడిగే నీరు దిగని తొడుగుకు 1951లో పేటెంట్ పొందింది. విక్టర్ మిల్స్ అనే ఇంజనీరు బృందం రూపొందించిన, వాడి పారేసే పాంపర్స్ 1961లో పియోరియా నగరంలో ప్రయోగాత్మకంగా అమ్మకానికి వచ్చాయి. 1980ల దశకంలో తన బరువుకు ఎన్నో రెట్లు నీటిని పీల్చుకునే పాలిమర్ పొడి వీటిలో చేరింది. దానితో బిడ్డకు తడి తెలియడమే తగ్గిపోయింది.

మన అపార్ట్‌మెంట్లలో

అమీర్‌పేట కంప్యూటర్ శిక్షణకు పేరుపొంది, ఉద్యోగాల కోసం ఊళ్ళనుంచి వచ్చినవారు ఇక్కడి అపార్ట్‌మెంట్లలో కాపురాలు పెట్టారు. అమ్మమ్మ ఖమ్మంలోనో శ్రీకాకుళంలోనో ఉండిపోయింది. ఇద్దరూ ఉద్యోగస్తులు, గుడ్డలు ఆరేయడానికి చిన్న బాల్కనీ. అలాంటి ఇంట్లో డైపర్ సోమరితనం కాదు, అవసరం. దానికి తల్లిని నిందించడం అన్యాయం.

నేనూ ఆ తప్పు చేశాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఏడాది దాటినా బిడ్డ పక్క తడుపుతున్నాడన్న తల్లులను మందలించేవాణ్ణి. మందలింపు తల్లి నుంచి బిడ్డకు దెబ్బగా చేరుతుందని ఆలస్యంగా గ్రహించాను. భయపడిన బిడ్డ మలం బిగబట్టుకుంటాడు, అది గట్టిపడుతుంది, నొప్పికి జడిసి మరింత బిగబడతాడు.

ఏం చేయాలి?

గుడ్డ మారినా బిడ్డ శరీరం మారలేదు. రెండు గంటలపాటు తడపకుండా ఉండటం, చిన్న మాటలు అర్థం చేసుకోవడం, నిక్కరు కిందికి లాగబోవడం, తడిసిందని చెప్పడం సంసిద్ధతకు గుర్తులు. ఇవి సాధారణంగా ఏడాదిన్నర, మూడేళ్ళ మధ్య కనిపిస్తాయి. అప్పుడు పగలు కొన్ని గంటలు డైపర్ తీసి నూలు నిక్కరు వేయండి, తడి తెలియనివ్వండి. తిన్న తరువాత అయిదు నిమిషాలు కూర్చోబెట్టండి. కమోడ్ మీద కాళ్ళు వేలాడితే ముక్కడం కష్టం. పాదాల కింద పీట వేయండి. అమ్మమ్మ పాదాల మీద మోకాళ్ళు పైకి ఉండే భంగిమే అది.

రాత్రి అలవాటు ఆలస్యంగా వస్తుంది. అయిదేళ్ళ లోపు పక్క తడపడం జబ్బు కాదు. మలంలో రక్తం పడినా, నేర్చుకున్న బిడ్డ మళ్ళీ తడుపుతూ అతిగా దాహమన్నా వెంటనే వైద్యునికి చూపించండి.

వాడిన డైపర్లను విడిగా చుట్టి పొడి చెత్తలో వేయాలని 2016 నాటి ఘన వ్యర్థాల నియమాలు చెప్పాయి. ఆ చెత్తను ఎత్తేదీ ఒక తల్లి కావచ్చు.

ప్లేస్కూలు గడువు బిడ్డ శరీరానికి తెలియదు. ఆ గడువు కోసం చేయి ఎత్తకండి.