మా నాంపల్లి విమానం

ఈ ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి రాయమని సంపాదకవర్గం వారు అడిగినప్పుడు, నేను ఆబిడ్స్ పెద్ద పోస్టాఫీసు గురించో నాంపల్లి స్టేషన్ గురించో రాస్తానని అనుకొని ఉంటారు. వాటి గురించి రాసేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. నేను రాయబోయేది రేడియోతో నడిచే చిన్న విమానాల చరిత్ర. అందులో నేను చేసిన తప్పు ఒకటి ఉంది. దాన్ని దాచిపెట్టి మిగతాది రాస్తే సగం చరిత్రే అవుతుంది.

ఇప్పటి పిల్లలకు తెలియదు గాని, ఒకప్పుడు ఇంట్లో రేడియో ఉంటే దానికి లైసెన్సు ఉండాలి. ఏటా పోస్టాఫీసుకు వచ్చి రుసుము కట్టి, చిన్న పుస్తకంలో ముద్ర వేయించుకోవాలి. 1980ల్లో ఆ పద్ధతి ఎత్తివేశారు. అంతకుముందు కొన్నేళ్లు ఆబిడ్స్‌లో ఆ కౌంటరులో కూర్చున్నవాణ్ణి నేను. పాట వినడానికే లైసెన్సు కావలసిన రోజుల్లో, రేడియో తరంగాలు పంపే యంత్రం ఇంట్లో పెట్టుకోవడం ఎంత పెద్ద మాటో ఊహించండి. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం, 1933 నాటి వైర్‌లెస్ చట్టం రెండూ దానికి అడ్డం. ఢిల్లీ నుంచి ప్రత్యేకంగా అనుమతి తెచ్చుకోవాలి.

మా తమ్ముడు నాకంటే ఐదేళ్లు చిన్న. మేము నాంపల్లి స్టేషన్ వెనక ఒక పాత ఇంట్లో రెండు గదుల వాటాలో ఉండేవాళ్లం. జనవరి వస్తే నుమాయిష్ దీపాలు మా మేడ మీదికి కనిపించేవి. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై 1946లో నాంపల్లి మైదానానికి మారిన ఆ ప్రదర్శనలో ఇతర పిల్లలు రంగుల రాట్నం ఎక్కుతామని ఏడిస్తే, వీడు రేకు విమానం బొమ్మ ముందు నిలబడి కదిలేవాడు కాదు. కాలేజీలో ఎన్.సి.సి. ఎయిర్ వింగ్‌లో చేరాడు. అక్కడ నేర్పిన మోడల్ విమానం రెండు తీగల మీద గానుగెద్దులా మనిషి చుట్టూ తిరిగేది. తీగలు లేకుండా ఎగిరేది కావాలని వీడి పట్టు.

ఆదివారం ఆబిడ్స్‌లో దుకాణాలు మూసి ఉంటే వాటి ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు కదా. మా తమ్ముడి విశ్వవిద్యాలయం అదే. ‘ఏరోమోడెలర్’ వంటి ఇంగ్లీషు పత్రికల పాత సంచికలు అర్ధరూపాయికి, రూపాయికి ఏరుకొచ్చేవాడు. నాకు తెలిసిన చరిత్ర అంతా వాటి పుణ్యమే.

1898లోనే నికోలా టెస్లా న్యూయార్కులో రేడియోతో చిన్న పడవ నడిపి చూపించాడు. విమానం సంగతి అంత సులభం కాదు, బరువు మోయలేదు. అమెరికాలో కలమజూ అనే ఊరివాళ్లు, వాల్టర్ గుడ్, విలియం గుడ్ అనే అన్నదమ్ములు ‘గఫ్’ అనే మోడల్‌కు రేడియో బిగించి, 1938లో అక్కడి జాతీయ పోటీల్లో గెలిచారు. ఆ విమానం స్మిత్సోనియన్ మ్యూజియంవారికి చేరింది. మొదట్లో మీట నొక్కితే చుక్కాని ఒకసారి పూర్తిగా అటో ఇటో తిరిగేది, అంతే. కొంచెం తిప్పడమనేది లేదు. 1960 ప్రాంతాల్లో చేతిలో పుల్ల ఎంత జరిపితే అక్కడ రెక్క అంతే కదిలే ఏర్పాటు వచ్చింది. అప్పుడు గాని నిజమైన విన్యాసాలు కుదరలేదు. అదే 1960లో స్విట్జర్లాండులో మొదటి ప్రపంచ పోటీ జరిగింది. అమెరికాకు చెందిన ఎడ్ కజ్మిర్‌స్కీ గెలిచాడు. 1967లో ఫిల్ క్రాఫ్ట్ అనే ఆయన ‘క్విక్ ఫ్లై’ అనే విమానంతో గెలిచాడు. ఆయన రేడియో పరికరాలు తయారుచేసే మనిషే. మా తమ్ముడికి ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద దొరికిన కాగితాల్లో ఆ తీరు విమానం బొమ్మలున్నాయి. రెక్క ఈ కొస నుంచి ఆ కొసకు ఐదడుగులు.

ఈ పోటీ విమానం వేగానికి కాదు, తీరుకు. గాలిలో వేసిన గుండ్రం నిజంగా గుండ్రంగా ఉండాలి. దొర్లితే గీత గీసినట్టు నిటారుగా పోతూ దొర్లాలి. ఒక్కొక్క విన్యాసానికి న్యాయనిర్ణేతలు పదికి ఇన్ని అని మార్కులు వేస్తారు, కష్టాన్నిబట్టి ఆ మార్కులను హెచ్చవేస్తారు. తలకిందులుగా కూడా మామూలుగా ఎగిరినట్టే ఎగరాలి కనుక రెక్క పైభాగం, కిందిభాగం ఒకే వంపులో ఉండాలి. మామూలు విమానాల రెక్క పైన ఉబ్బుగా, కింద చదునుగా ఉంటుంది. ఇక్కడ అది పనికిరాదు.

ఆ రెక్క చేయడం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది. విదేశాల్లో వాడే బాల్సా చెక్క మాకు అందేది కాదు. ఆబిడ్స్‌లో ఒక హస్తకళల దుకాణంలో నిర్మల్ బొమ్మ చేతిలోకి తీసుకొని, ‘అన్నా, ఇది చూడు, ఎంత తేలికో’ అన్నాడు. అది పొనికి చెక్క. బాల్సా అంత తేలిక కాకపోయినా విమానం మొండేనికి అదే కుదిరింది. రెక్కకు మాత్రం థర్మోకోల్. ట్రూప్ బజార్‌లో హీటరు స్ప్రింగు కొని, సాగదీసి తీగ చేసి, వెదురు బద్దకు విల్లులా కట్టాడు. కరెంటు పంపితే తీగ వేడెక్కి థర్మోకోల్‌ను వెన్నలా కోస్తుంది. రెండు కొసలకు రెక్క ఆకారంలో రేకు అచ్చులు. రెక్క మొదట్లో వెడల్పు, చివర సన్నం. అందుచేత మొదటి వైపు మనిషి తీగను త్వరగా జరపాలి, చివరివాడు నెమ్మదిగా. రెండు అచ్చుల మీదా ఒకటి నుంచి పది వరకు గుర్తులు పెట్టి, అంకె పలకగానే ఇద్దరమూ ఆ గుర్తు దగ్గర ఉండాలన్నాడు. ‘ఒకటి... రెండు... మూడు...’ అని అతను చదువుతుంటే, ఊపిరి బిగబట్టి నేను తీగ జరిపేవాణ్ణి. మొదటి రెండు రెక్కలు నా వల్లే పాడైనాయి. ఒకసారి రైలు కూత విని తల తిప్పాను. అంతే, తీగ లోపలికి దిగి గాడి పడింది. తమ్ముడు ఒక్క మాట అనలేదు. ఇంకో ముక్క తెచ్చి మళ్లీ ‘ఒకటి’ అన్నాడు.

థర్మోకోల్ మీద పార్సెళ్లకు చుట్టే ఖాకీ కాగితం ఫెవికాల్‌తో అంటించాడు. ఆరిన తర్వాత అది ఢంకాలా బిగిసింది. ఇంజను బిగించే పలకకు అరాల్డైట్ వాడాడు. ఇదంతా పూర్తికావడానికి రెండేళ్లు పట్టింది.

ఇంజను, రేడియో రెండూ ఇంగ్లండు నుంచి తిరిగివచ్చిన ఒక బంధువు ఇచ్చిన పాతవి. 10 సి.సి. రెండు స్ట్రోకుల ఇంజను. ఒక అశ్వశక్తికి అటూ ఇటుగా బలం. దానికి పెట్రోలు కాదు, మిథనాల్ నాలుగు పాళ్లు, ఆముదం ఒక పాలు. ప్లగ్గులో సన్నటి ప్లాటినం తీగ చుట్ట ఉంటుంది. ఒకటిన్నర వోల్టుల బ్యాటరీ తగిలిస్తే ఎర్రబడుతుంది. ఇంజను అందుకున్నాక బ్యాటరీ తీసేయవచ్చు. మిథనాల్ ఆవిరి తగిలి ప్లాటినం తనంతట తానే కణకణలాడుతూ ఉంటుంది. ఆముదం ఇంజను లోపలి రాపిడిని తగ్గించి, కాలకుండానే చాలావరకు పొగగొట్టం నుంచి బయటపడుతుంది. మొదటి ప్రపంచయుద్ధంలో చాలా విమానాల ఇంజన్లలో కూడా రాపిడి తగ్గించడానికి ఆముదమే వాడారు. మాది నల్లగొండ జిల్లా, ఆముదాలు పండే నేల. మా చేనులోని గింజ నూనె విమానంలో పోస్తారని మా నాన్నగారికి చెప్తే నమ్మలేదు.

1975 ఏప్రిల్‌లో ఒక ఆదివారం పొద్దున విమానాన్ని పెరట్లో గుంజకు కట్టి ఇంజను తిప్పాడు. పదిసార్లు తిప్పితే పదకొండోసారి అందుకుంది. నాంపల్లి వీధంతా మోగిపోయింది. పిల్లలు గోడలెక్కారు. పక్కింటి పెద్దమ్మ వచ్చి, ‘ఆముదం వాసన వస్తున్నది, ఎవరింట్ల పురుడు?’ అని అడిగింది. ఆ రోజు మా తమ్ముడి ముఖం నేను మరచిపోలేను.

ఇక ఎగరడమే మిగిలింది. అనుమతి లేకుండా ఎగరేసేవాళ్లు ఉన్నారని ఎవరో చెప్పారు. తమ్ముడు ఒప్పుకోలేదు. ‘అన్న పోస్టాఫీసుల ఉన్నడు. రేపు అన్నకు మాట వస్తది’ అన్నాడు. జూన్ నెలాఖరులో దరఖాస్తు రాసి, కవరు అంటించి నా చేతికిచ్చాడు. ‘రేపు రిజిస్టర్ చెయ్యన్నా’ అన్నాడు.

ఆ వారమే, జూన్ 25 రాత్రి, దేశంలో ఎమర్జెన్సీ ప్రకటించారు. కవరు నా సంచిలోనే ఉంది. మా ఇంట్లో రేడియో ట్రాన్స్‌మిటర్ ఉందని మా చిరునామాతో, మేమే రాసి ప్రభుత్వానికి పంపుతున్నాం. అది ఎక్కడినుంచి వచ్చిందని అడిగితే? ఇల్లు సోదా చేస్తే? నాకు అప్పటికి ఇద్దరు పిల్లలు. నన్ను ఏ అధికారీ బెదిరించలేదు, ఎవరూ ఏమీ అనలేదు. భయం పూర్తిగా నాదే. ఒక నెల ఆగి పంపుదామని కవరు ట్రంకు పెట్టెలో పెట్టాను. రోజూ వందల ఉత్తరాలు చేతుల మీదుగా పోయే మనిషి సొంత తమ్ముడి ఉత్తరం పంపలేదు.

తమ్ముడు రెండుసార్లు అడిగాడు. ‘ఢిల్లీ పనులు తమ్మీ, ఆలస్యం అవుతాయి’ అన్నాను. మూడోసారి అడగలేదు. 1977 మార్చిలో ఎమర్జెన్సీ పోయింది. అప్పుడైనా పంపవచ్చు. కాని రెండేళ్ల నాటి తేదీకి తమ్ముడికి ఏం సంజాయిషీ చెప్పను? ఈలోగా వాడికి బొంబాయిలో ఉద్యోగం వచ్చింది. విమానం మా గదిలో దూలానికి వేలాడింది. 1990ల్లో ఆ ఇల్లు ఖాళీ చేసినప్పుడు నేను దాన్ని రిక్షాలో ఒళ్లో పెట్టుకొని తెచ్చాను.

చట్టం సంగతి చెప్తాను. 2005 జనవరిలో కేంద్ర ప్రభుత్వం 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను, బలం పరిమితికి లోబడి, లైసెన్సు లేకుండా వాడుకోవచ్చని ప్రకటించింది. కంప్యూటర్ల వైఫై కూడా ఆ తరంగాలనే వాడుకుంటుంది. తర్వాత కొద్ది కాలానికే మోడల్ విమానాల రేడియోలు కూడా వాటి మీదికి వచ్చేశాయి. అంతకుముందు ఇద్దరి పౌనఃపున్యం ఒకటైతే ఒకడి విమానం కూలేది. ఇప్పుడు ఆ బాధ లేదు. ఆముదం కూడా పోయింది. లిథియం బ్యాటరీలు, బ్రష్షులు లేని మోటార్లు వచ్చాయి. ప్రపంచ పోటీల విమానాల్లో పది సెల్లుల బ్యాటరీ పెడతారు. ఇంధనం ఎగురుతూ ఉంటే తరిగి ముందువైపు బరువు మారుతుంది. బ్యాటరీ బరువు మొదటి నుంచి చివరిదాకా ఒకటే. చేతికి అది ఎంత సుఖమో ఎగరేసేవాళ్లకే తెలుసు. వాసన మాత్రం ఏమీ లేదు. నాకు అదొక వెలితి. (మనవలకు కొనిపెట్టేవారు 2021 డ్రోన్ నియమాలు చదువుకోండి. బేగంపేట, హకీంపేట, దుండిగల్ విమానాశ్రయాలున్న ఊరు మనది, ఎక్కడ పడితే అక్కడ ఎగరేయరాదు.)

తమ్ముడు 2007లో హైదరాబాదు తిరిగివచ్చాడు. నేను రిటైరైంది కూడా ఆ ఏడే. పాత విమానాన్ని దించి దుమ్ము దులిపాడు. ఖాకీ కాగితాన్ని అక్కడక్కడ పురుగు తిన్నది. మళ్లీ అంటించాడు. ఇంజను తీసి మోటారు బిగించాడు. కంప్యూటరులో ఆరు నెలలు సాధన చేశాడు. 2009 సంక్రాంతి వెళ్లిన ఆదివారం, ఊరి బయట ఎండిన చెరువు నేల మీద, ఈ విద్య తెలిసిన ఒక కుర్రవాణ్ణి పక్కన పెట్టుకొని ఎగరేశాడు. 34 ఏళ్ల రెక్క లేచింది. మొదట కుర్రవాడు రెండు చుట్లు తిప్పి, సరిచూసి, పెట్టె తమ్ముడి చేతికిచ్చాడు. వాడి చేతులు వణుకుతున్నాయి. ఒక పల్టీ వేశాడు, అంత గుండ్రం కాదు, కోడిగుడ్డులా వచ్చింది. తర్వాత దొర్లించి, తలకిందులుగా మైదానం ఈ కొస నుంచి ఆ కొస దాకా పోనిచ్చాడు. దిగేటప్పుడు తుమ్మ పొద తగిలి పంకా విరిగింది.

తిరిగివస్తూ కారులో చెప్పాను. కవరు నేను పంపలేదని. తమ్ముడు కిటికీలోంచి చూస్తూ, ‘తెలుసన్నా’ అన్నాడు.

‘ఎట్లా తెలుసు?’

‘రిజిస్టర్ చేస్తే రసీదు ఇస్తరు గద. నువ్వు ఇయ్యలే.’

‘మరి అడగలేదేం?’

‘నీకు సంసారం, ఇద్దరు పిల్లలు. ఏమని అడగాలె?’

కవరు నా దగ్గరే ఉంది. వెనక జిగురు ఊడింది గాని లోపలి కాగితం బాగానే ఉంది. అకనాలెడ్జిమెంటు కార్డు మీద తిరుగు చిరునామా వాడి అక్షరాలతో, నాంపల్లి ఇంటి నంబరుతో ఉంది. విమానం మా తమ్ముడి ఇంట్లో హాలులో వేలాడుతున్నది. విరిగిన పంకా మార్చాడు.