క్యాన్సరు కణముల ఆకలి

భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు 1940లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో చేరినారు. ఆయన నాయకత్వమున అచ్చటి రసాయనజ్ఞులు ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసినారు. రక్తహీనతకు మందైన ఈ విటమినును ల్యుకేమియా సోకిన పిల్లలకీయగా, బోస్టనులోని డాక్టరు సిడ్నీ ఫార్బరుకు వ్యాధి మరింత ముదిరినట్లు తోచినది. పెరిగే కణములకది ఆహారమే గదా! ఆహారమువలె కనబడి కణమును మోసగించు పదార్థ మొకటి కావలసివచ్చినది. ఫోలిక్ ఆమ్లపు అణువులో ఒక హైడ్రాక్సిలు స్థానమున అమినో సమూహమును నిలిపి లెడర్లీవారు తయారుచేసిన అమినోప్టెరిన్ అట్టిదే. దానిని వాడిన 16 మంది పిల్లలలో 10 మందికి వ్యాధి తాత్కాలికముగా తగ్గుముఖము పట్టినదని 1948 జూనులో ఫార్బరు ప్రకటించినారు. ఆగస్టులో సుబ్బారావు మరణించినారు.

ఆ ఆకలినే తరువాతివారు మరొకవిధముగా వినియోగించినారు. ఫోలేటునకు 6 గంటల అర్ధాయువుగల రేడియోధార్మిక టెక్నీషియమును జోడించి రక్తములోనికెక్కించినచో, దానిని ఆత్రముగా గ్రహించు అండాశయ క్యాన్సరు గడ్డల జాడ గామా కెమెరాకు చిక్కును.