డచ్చివారు, జర్మనులు, జెంటూలు

దిల్‌సుఖ్‌నగర్ నుండి ఎల్.బి.నగర్ కూడలి దాటి తూర్పునకు సాగే జాతీయ రహదారి చివరకు మచిలీపట్నం చేరుతుంది. ఒకనాడు గోల్కొండ రాజ్యానికి అదే ప్రధానమైన రేవు. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలో పోటీపరీక్షలకు చదివేవారు "మచిలీపట్నం, 1605, డచ్చివారు" అని వల్లెవేస్తారు. కాని ఎవరీ డచ్చివారు?

ఈ మాట మనకు ఇంగ్లీషు ద్వారా వచ్చింది. తమిళులు వారిని హాలండు పేరు మీదుగా 'ఒల్లాందర్' అన్నారు. వారు నేడు తమను 'నేడర్లాండర్' అని, అనగా పల్లపు సీమవారని, చెప్పుకుంటారు. 'డచ్' మూలం వేరు. ప్రాచీన జర్మానిక్ భాషలలో 'జనం' అనే మాట నుండి పుట్టిన విశేషణమది. పండితుల లాటినుకు భిన్నమైన జనభాష అని అర్థం. జర్మనులు తమ భాషను 'డాయిచ్' అనటం ఈ మూలం నుండే.

ఆంగ్లేయులు మొదట జర్మనులనూ నెదర్లాండ్స్ వారినీ కలిపి డచ్ అనేవారు. 17వ శతాబ్దంలో నెదర్లాండ్స్ స్వతంత్ర రాజ్యమై (1648లో అది ఒడంబడికగా స్థిరపడింది) సముద్రవర్తకంలో వారికి పోటీగా నిలిచింది. నిత్యం ఎదురుపడే ఆ పొరుగువారికే క్రమంగా ఆ పేరు పరిమితమైంది. మిగిలినవారికి లాటిను నుండి తెచ్చిన 'జర్మన్' దక్కింది. పాత అర్థం అమెరికాలో మిగిలింది: 'పెన్సిల్వేనియా డచ్' అనబడేవారు జర్మను సంతతివారు! మరొక చిక్కు: డచ్చి కంపెనీ సైనికులలో, నావికులలో జర్మను సీమలవారు ఎందరో ఉండేవారు.

ఇదంతా పరాయి గొడవ అనుకోనక్కరలేదు. పోర్చుగీసువారు హిందువులను అన్యమతస్థులనే అర్థంలో 'జెంతియు' అన్నారు. ఇంగ్లీషులో అది 'జెంటూ' అయింది. 1776లో హాల్‌హెడ్ లండనులో వెలువరించిన జెంటూ ధర్మశాస్త్రంలో ఆ మాటకు హిందువులని అర్థం. మద్రాసులో మాత్రం జెంటూ అంటే తెలుగువాడు, తెలుగు భాష. 1816లో క్యాంప్‌బెల్ తన వ్యాకరణానికి 'తెలుగు' పేరే పెట్టి, దానినే జెంటూ అంటారని శీర్షికలో చెప్పవలసివచ్చింది. మరుసటి ఏడు విలియం బ్రౌన్ వ్యాకరణం జెంటూ పేరుతోనే వచ్చింది.

డచ్ ఒక జనం తమకు తాము పెట్టుకున్న పేరు. పరులు దానిని కుదించారు. జెంటూ పరులు మనకు తగిలించిన పేరు, కాలక్రమాన రాలిపోయింది. కనుక పాత ఇంగ్లీషు రికార్డులలో 'డచ్' కనబడగానే హాలండనీ, 'జెంటూ' కనబడగానే తెలుగనీ నిశ్చయించుకోరాదు. ఎవరు, ఎక్కడ నిలబడి, ఎప్పుడు వ్రాశారన్నది ముందు చూడాలి. పేరును సరిగా చదవకపోతే, మన పూర్వులను మనమే పోల్చుకోలేం.